పురుగుకు పెట్టిన పేరు

"పురుగు బాగుందోయ్. పేరే బాగోలేదు," అన్నారు ప్రొఫెసర్ కొండలరావుగారు.

మల్లికార్జున బల్లకు ఇవతల నిలబడి ఉన్నాడు. ఆ గదిలో ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఐదేళ్లలో అతన్ని అందులో కూచోమని ఎవరూ అనలేదు. తనంతట తాను కూచునే అలవాటు అతనికి లేదు. బల్ల మీద అతను టైపు చేసి తెచ్చిన పద్నాలుగు కాగితాల వ్యాసం ఉంది. కొర్రమీను పేగుల్లో బతికే ఒక కొత్త పురుగు గురించి రాసినది. ఇంతవరకూ ప్రపంచంలో ఎవరి పుస్తకంలోనూ లేని పురుగు. అలాంటిది దొరికితే దాన్ని లోకానికి చెప్పేవాడే లాటిన్‌లో పేరు పెట్టాలి. జంతుశాస్త్రంలో అదీ రివాజు.

"ఎవరీ ఈరమ్మ? మీ అమ్మగారా?"

"కాదు సార్. అంబర్‌పేటలో చేపలు అమ్ముతుంది."

కొండలరావుగారు కళ్లజోడు తీసి చేతిరుమాలుతో తుడిచారు. నవ్వొచ్చినప్పుడు ఆయనకు అదొక అలవాటు.

"చేపలమ్మే మనిషి పేరు శాస్త్రంలోకి ఎక్కిస్తావా? ఏవిటయ్యా నీ ఉద్దేశం?"

"ఆ పురుగును ముందు చూసింది ఆమే సార్. పేగుకు ముడి ఉంటే లోపల ఇది ఉంటుందని చూపించింది. నేను అంతకుముందు రెండేండ్లు ఒట్టి పేగులే కోసుకుంటా కూచున్నాను."

"చూడు మల్లికార్జునా. లెక్చరర్ పోస్టుకి వచ్చే నెల ఇంటర్వ్యూ. బయటినుంచి వచ్చే నిపుణుడెవరో తెలుసా? బద్రీప్రసాద్‌గారు. పురుగుల్లో ఆయన మాటకి తిరుగులేదు. ఆయన పేరు పెట్టు. పెద్దవాళ్ల పేరు పెట్టుకోడం మన శాస్త్రంలో మర్యాదేనోయ్, తప్పేం కాదు. ఆ పై సంగతి నాకొదిలెయ్."

కొండలరావుగారు వ్యాసం మొదటి పేజీ తిరగేశారు. అక్కడ ముందు ఆయన పేరు, వెనక మల్లికార్జున పేరు ఉన్నాయి. ఆ వరసను గురించి మాత్రం ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. ఆయన చేపల పేగుల బల్ల దగ్గరికి వచ్చింది ఐదేళ్లలో రెండుసార్లు, రెండుసార్లూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"పోనీ, బయట నోటీసు బోర్డు మీద చేపల శాఖ వాళ్ల ప్రకటన చూశావుగా. ఏడు జిల్లాల చెరువుల గట్ల మీద తిరిగి చేపల రోగాలు రాసుకునే ఉద్యోగం. అది కావాలంటే అక్కడికే పో. డాక్టరేటు చెయ్యబోయేవాడికి అదేం ఖర్మ!"

అది అరవై ఏడో సంవత్సరం, ఆగస్టు నెల. మల్లికార్జునకు ముప్పై ఒకటి నడుస్తోంది. ఆదోని దగ్గర పల్లె. చిన్నప్పుడు బుడ్డల చేలల్లో వేరుశనగ మొక్కల మీది గొంగళిపురుగులు ఏరి, గుంతలో వేసి మట్టి కప్పినవాడు. పురుగు అతనికి కొత్తకాదు. యూనివర్సిటీయే కొత్త. మూడేళ్లు స్కాలర్‌షిప్పు వచ్చింది. అది అయిపోయాక టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్‌గా వేసుకున్నారు. ఏప్రిల్ ఆఖరున తీసేస్తారు, జూలైలో మళ్లీ వేసుకుంటారు. ఏడాదికోసారి పుట్టి ఏడాదికోసారి చచ్చే ఉద్యోగం. తీసేసినప్పుడూ వేసుకున్నప్పుడూ కొండలరావుగారి సంతకం కావాలి. ఇప్పుడు పడ్డ లెక్చరర్ పోస్టు ఒక్కటే. అది తప్పితే ఇంకోటి పడాలంటే డిపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు రిటైరు కావాలి. ఆ వయసుకు దగ్గర్లో ఎవరూ లేరు, అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు.

అందుకని పేరు మార్చాడు. ఆ సాయంత్రమే, డిపార్ట్‌మెంటు టైపు మిషను ముందు కూచుని, పన్నెండు చోట్ల ఈరమ్మను తీసేసి పన్నెండు చోట్ల బద్రీప్రసాద్‌ను పెట్టాడు. వేళ్లు పని చేస్తున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. కోపం ఎవరి మీదో అప్పటికింకా తేలలేదు.

తార్నాకలో అతను అద్దెకుండేది సరోజమ్మగారి పెరటివైపు గదిలో. ఆమెదీ కర్నూలు వైపే. భర్త సెక్రటేరియట్‌లో గుమాస్తా. మల్లికార్జున సైకిలు గేటు దగ్గర ఆగగానే ఆమెకు ముక్కుతోనే తెలుస్తుంది.

"ఏమయ్యా, మళ్లా ఆ కంపుతోనే వచ్చినావా? కొళాయి కాడ కడుక్కోని రా, గడప తొక్కొద్దు. మెడలో లింగం కట్టుకోని చేపల పేగులు పిసుకుతాండావే, శివుడు చూస్తాంటాడని భయం లేదా నీకు?"

"శివుడేమీ అనలేదు అక్కా. లెక్చరర్ పని రానీ, అప్పుడు పిల్లకాయలు పిసుకుతారు, నేను చూస్తా కూచుంటా."

"యానాటికి వస్తుందో ఆ పని! ఐదేండ్ల నుంచి ఇదే మాట."

ఇంటర్వ్యూ రోజున వరండాలో బెంచీ మీద ముగ్గురు కూచున్నారు. మల్లికార్జున, అనంతపురం రామాంజనేయులు, కాకినాడ నుంచి వచ్చి చదువుకుంటున్న కాత్యాయని. ముగ్గురూ కొండలరావుగారి శిష్యులే. నాలుగో అతను ఉత్తరాది కుర్రాడు, సూటు వేసుకుని దూరంగా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు, వాచీ మాత్రం చూసుకుంటున్నాడు.

"మీ కొర్రమీను వ్యాసం వెళ్లిపోయిందటగా అండీ?" అంది కాత్యాయని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "నాదీ పంపించేశాను. నత్తలో పురుగు."

"నాది గొర్రె కార్జంలోది," అన్నాడు రామాంజనేయులు. "కొత్తదే. ఈసారి నాకే వస్తాదని సార్ నోటితోనే చెప్పినాడులే."

మల్లికార్జున అతని మొహంలోకి చూశాడు. "ఏం పేరు పెట్టినావు?"

"యాడికి పోతాం? పెద్దాయన పేరే."

"ఏ పెద్దాయన?"

రామాంజనేయులు తలుపు వైపు గడ్డం ఎగరేసి చూపించాడు. కాత్యాయని చేతిలో ఉన్న ఫైలు ఒళ్లోకి జారింది.

"అదేంటి? సార్ నాకూ బద్రీప్రసాద్‌గారి పేరే పెట్టమన్నారే! పోస్టు నాకే అన్నారే!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలుపు దగ్గర స్టూలు మీద కూచున్న అటెండరు ఉప్పలయ్య మొహం తిప్పుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అతను ఆ తలుపు దగ్గరే కూచుని ఇలాంటి మొహాలు చూస్తున్నాడు.

లోపల బద్రీప్రసాద్‌గారు మంచివాడిలానే ఉన్నారు. నవ్వు మొహం, తెల్లటి జుట్టు. మల్లికార్జున నమస్కారం పెట్టగానే ఇంగ్లీషులో, "నా పేరుతో ఇదివరకే పదకొండు పురుగులున్నాయి. మీ ముగ్గురితో పద్నాలుగు. మీ కడుపులోనివి చాలవా, బయట కూడానా అంటుంది మా ఆవిడ," అన్నారు. కమిటీ అంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా కొండలరావుగారు నవ్వారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మల్లికార్జున తన పట్టికలు తెచ్చుకున్నాడు. ఏ నెలలో ఏ చెరువు చేపలో ఎన్ని పురుగులున్నాయో, ఐదేళ్లు వారానికి మూడు రోజులు కోసి చూసి రాసిన పట్టికలు. వాటిని బల్ల మీదికి జరిపాడు. ఎవరూ ముట్టుకోలేదు.

"ఒక్క ప్రశ్న," అన్నారు బద్రీప్రసాద్‌గారు. "హైదరాబాదులో మంచి ముత్యాలు ఎక్కడ దొరుకుతాయి?"

"పత్తర్‌గట్టీలో సార్," అన్నాడు మల్లికార్జున.

అంతే ఇంటర్వ్యూ.

ఉద్యోగం సూటు కుర్రాడికి వచ్చింది. అతను బద్రీప్రసాద్‌గారి దగ్గరే చదువుకున్నవాడట. పదిహేను రోజుల తర్వాత నోటీసు బోర్డు మీద ఇంకో కాగితం వచ్చింది. ఢిల్లీలో ఏదో పెద్ద సంఘంలో కొండలరావుగారిని సభ్యులుగా తీసుకున్నారు. పేరు ప్రతిపాదించినవారు బద్రీప్రసాద్‌గారు. కాగితం కింద చేపల శాఖ ప్రకటన ఇంకా ఉంది, ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటూ.

మల్లికార్జున ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. పండక్కి పెద్దింటికి తాంబూలం పళ్లెం పంపుతారు. అందులో ఆకు ఉంటుంది, వక్క ఉంటుంది, అరటిపండు ఉంటుంది. వాటిని ఎవరూ ఏమీ అడగరు. తాను, కాత్యాయని, రామాంజనేయులు. ఐదేళ్ల పేగుల కంపు, కొళాయి కాడ కడుక్కున్న చేతులు, అన్నీ కలిసి ఒక వక్క. కోపం ఎవరి మీదో అప్పుడు తేలింది.

కార్తీకం వచ్చింది. ఒకరోజు ఉప్పలయ్య పెద్ద కవరు తెచ్చి అతని బల్ల మీద పెట్టాడు.

"గీ కవర్ పెద్దసార్ పేరుమీద వచ్చింది. ఎప్పటిలెక్క నీకే ఇయ్యమన్నడు."

వ్యాసం అచ్చుకు ఎక్కే ముందు వచ్చే ప్రూఫులు అవి. తప్పులు దిద్ది వారంలో తిప్పి పంపాలి. దిద్దడం ఎప్పుడూ శిష్యుల పనే. కొండలరావుగారు అచ్చయ్యాకే చూస్తారు, అదీ తన పేరున్న పేజీ. ఉప్పలయ్య కదలకుండా నిలబడ్డాడు.

"ఏం ఉప్పలయ్యా?"

"ఏం లేదు సార్. ఈడ ఎవ్వరు సదవరు అని చెప్తున్న. నువ్వేం రాస్తె గదే అచ్చయితది."

అతను వెళ్లిపోయాడు. మల్లికార్జున ప్రూఫులు సంచిలో పెట్టుకుని, గాజుపలక మీద అతికించిన పురుగునూ, జేబులో పట్టే భూతద్దాన్నీ తీసుకుని సైకిలెక్కాడు. బద్రీప్రసాద్‌ను కొట్టేసి మళ్లీ ఈరమ్మ పేరే పెడతాడు. ముందు ఆమెకు చెప్పాలి. ఐదేళ్లలో మొదటిసారి ఆమెకు తాను ఏదో ఇవ్వబోతున్నాడు. కాంపస్ చెట్ల కింద నుంచి అంబర్‌పేట దాకా తొక్కినంతసేపూ ఆ మాట తలుచుకుంటూ పోయాడు.

ఈరమ్మకు యాభై ఉంటాయి. మార్కెట్టు చివర గోనెపట్టా పరుచుకుని, కత్తిపీట కాలి కింద నొక్కిపట్టి, కొర్రమీను మీద బూడిద చల్లి పొలుసు గీస్తోంది. పక్కన డాల్డా డబ్బా. అందులో అతని కోసం దాచిన పేగులు. ఐదేళ్లుగా అదే డబ్బా. ఒక్కనాడూ పైసా అడగలేదు.

"ఏంది సారూ, పది దినాలాయె, పత్తా లేవు. కొలువొచ్చిందా?"

"రాలేదమ్మా."

"గా పెద్దసారు ఇప్పిస్త అన్నడంటివి?"

"ఇప్పించలేదు. అది పోనీలే. నీకొక సంగతి చెప్పాలని వచ్చినా. పేగు ముడిలో పురుగు చూపిస్తివే, ఆ పురుగుకు నీ పేరు పెడుతున్నా. దేశదేశాల పుస్తకాల్లో నీ పేరు ఉంటుంది."

ఈరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"దేనికి?"

"పురుగుకు."

"పేగుల్ల పురుగుకా? నా పేరా?"

"ఔనమ్మా. శాస్త్రంలో అది చాలా గొప్ప..."

"నీ నోట్ల మన్నువడ!" ఈరమ్మ లేచి నిలబడింది. చేతిలో చేప అలాగే ఉంది. "నీకేం అన్యాలం జేసిన్నయ్యా నేను? ఐదేండ్ల సంది కుక్కలకేసే పేగులు నీకు దాచిపెడితి. గిదా నువ్వు జేసేది? ఈరమ్మ అంటె పురుగు, పురుగంటె ఈరమ్మ! ఓ రాములవ్వా, ఇంటివా, సారు నా పేరు పురుగుకు వెడ్తడంట!"

పక్కన రొయ్యపొట్టు అమ్మే రాములవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. "గట్లెట్ల పెడ్తరు? పిల్లలకు పెడ్తరు గని."

"అమ్మా, మెల్లగా..."

"ఏం మెల్లగ? ఈరమ్మ మీనుల పురుగులున్నయని బుక్కుల రాస్తె నా కాడ ఎవడు గొంటడు? నా బేరం నువ్వు నడుపుతవా? నన్నడిగినవా నువ్వు? ఒక్క మాటన్న అడిగినవా?"

బేరానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు సంచులు పట్టుకుని వెనక్కి జరిగారు. ఈరమ్మ అది చూసింది. ఆమె గొంతు ఇంకో మెట్టు ఎక్కింది.

"గీ ఐదేండ్లల్ల నాకేమన్న చెప్పినవా? ముడిపడ్డ మీను కోస్తె కొనెటోల్లు మొహం మీద కొట్టి పోతరు. ఎన్ని పారేసిననో నాకెరుక. పురుగు యాడికెల్లి వస్తదో, ఎప్పుడొస్తదో ఎన్నడన్న చెప్పినవా? దీస్కపోవుడే గని ఇచ్చుడు లేదాయె మీ సార్లకు!"

మల్లికార్జున చెంప మీద కొట్టినట్టయింది. చెరువువారీగా, నెలవారీగా పట్టికలు అతని సంచిలోనే ఉన్నాయి. బద్రీప్రసాద్‌గారి ముందుకు జరిపాడు. కొండలరావుగారికి మూడు ప్రతులు టైపు చేసి ఇచ్చాడు. ఆ చేపలు కొని, మోసి, కోసి ఇచ్చిన మనిషికి ఒక్క ముక్క చెప్పాలని ఐదేళ్లలో తోచలేదు. కొండలరావుగారి మీద ఉన్న కోపంలో సగం తిరిగి వచ్చి తన నెత్తినే పడింది.

అతను గోనెపట్టా అంచున కూచున్నాడు. ప్యాంటుకు చేపనీళ్లు అంటాయి. అంటనీ అనుకున్నాడు.

"తప్పయింది ఈరమ్మా. విను. తాళ్లచెరువు చేపలోనే అది ఎక్కువ. వానలు పడినాక చెరువులో సన్నపురుగులు లేస్తాయి, అవి తిన్న చేపకు ఇది పడుతుంది. బోనాల నాటి నుంచి బతుకమ్మ దాకా తాళ్లచెరువు కొర్రమీను కొనొద్దు. ఎండాకాలంలో కొనొచ్చు, ఏమీ ఉండదు. పురుగున్నా మనుషులకేం కాదు, బాగా ఉడికితే చాలు."

ఈరమ్మ నిలబడే విన్నది. వేళ్ల మీద నెలలు లెక్క వేసుకుంది.

"బోనాలు, రాఖీ, వినాయకచవితి... అవ్, గప్పుడే. నిజమే సారూ. గప్పుడే పారేస్త." తర్వాత మళ్లీ కోపం గుర్తొచ్చింది. "గీ ముక్క ముందుగాల చెప్తె నీ సొమ్మేం బోయె?"

"ఏమీ పోదు. చెప్పలేదు. అంతే."

"నా పేరు తీసెయ్యి."

"తీసేస్తా. ఆ చెరువు పేరు పెడతా."

"థూ! ఆ చెరువు మీన బతికే బెస్తోల్ల కడుపు గొడ్తవా మల్ల? పురుగు ఎట్లుంటదో గట్ల వెట్టు పేరు. మనుషుల పేర్లెందుకు దానికి?"

మల్లికార్జున గాజుపలక తీసి, భూతద్దం ఆమె చేతికిచ్చాడు. ఈరమ్మ చీర చెంగుకు చెయ్యి తుడుచుకుని, ఒక కన్ను మూసి, వెలుతురుకు పట్టి చూసింది. బేరానికి వచ్చిన ఆడవాళ్లు కూడా మళ్లీ ముందుకు జరిగారు.

"ఇగో, తలకాయ జూడు! సుట్టూర ముండ్లు. పల్లేరుకాయ లెక్కనే ఉన్నది. కాలికి గుచ్చుకున్నట్టు పేగుకు గుచ్చుకుంటది గావచ్చు. అందుకే ముడి."

మల్లికార్జున నాలుగు పేజీలు ఇంగ్లీషులో వర్ణించిన తల అది. ఎన్ని కొండీలో, ఎన్ని వరసలో, ఒక్కొక్కటి ఎంత పొడుగో రాశాడు. అతనికి పల్లేరుకాయ తట్టలేదు. బుడ్డల చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లకు తట్టి ఉండాల్సింది.

ఆ సాయంత్రం గదిలో కూచుని ప్రూఫుల మీద పన్నెండు చోట్ల బద్రీప్రసాద్‌ను అడ్డంగా కొట్టేశాడు. పల్లేరుకు లాటిన్‌లో ఏమంటారో బోటనీ పుస్తకంలో వెతికి, 'పల్లేరుకాయ తలది' అని అర్థం వచ్చే మాట పన్నెండు చోట్లా రాశాడు. పెన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే కింది కాగితం మీద కూడా అచ్చు పడింది. పొద్దున్నే కాంపస్ పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, రసీదు జేబులో పెట్టుకుని, నోటీసు బోర్డు మీది చేపల శాఖ ప్రకటనలో గడువు ఇంకా దాటలేదని చూసుకుని దరఖాస్తు రాశాడు. దాని కిందా కొండలరావుగారి సంతకం కావాలి.

దరఖాస్తుతో పాటు దిద్దిన ప్రూఫుల రెండో ప్రతి కూడా ఆయన బల్ల మీద పెట్టాడు. దాచిపెట్టి చేశాడన్న మాట రాకూడదు. కొండలరావుగారు మొదట అలవాటుగా తన పేరున్న పేజీ చూశారు. తర్వాత రెండో పేజీ. ఆయన మొహంలో రంగు మారింది.

"ఏవిటిది? బద్రీప్రసాద్‌గారి పేరేదీ?"

"తీసేసినాను సార్."

"ఆయనకి నేను చెప్పేశానోయ్! అచ్చులో చూస్తానని ఉత్తరం కూడా రాశారు. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు? ఎవర్ని అడిగి మార్చావు?"

"నిపుణుల్నే అడిగినాను సార్."

"ఏ నిపుణుణ్ణి?"

"అంబర్‌పేటలో ఉంటుంది."

కొండలరావుగారు కళ్లజోడు తీశారు. ఈసారి తుడుచుకోలేదు. "ఇప్పుడే ప్రెస్సుకి టెలిగ్రాం ఇస్తాను."

"ఇవ్వండి సార్. పేరు ఎందుకు మార్చాలో కూడా అందులో రాయండి. ముగ్గురం మూడు పురుగులకు ఎవరు చెబితే ఆ పేరు పెట్టినామో నేనూ ఒక టెలిగ్రాం ఇస్తాను. కాత్యాయనీ రామాంజనేయులూ సంతకం పెడతామన్నారు."

తలుపు అవతల ఉప్పలయ్య దగ్గు ఒకటి వినిపించి ఆగిపోయింది.

"ఏప్రిల్ దాకా కూడా నీకు ఇక్కడ చోటు లేదు. థీసిస్ ఎలా పెడతావో చూస్తాను."

"చూడండి సార్. అంతవరకు దీని మీద సంతకం పెట్టండి." దరఖాస్తు ముందుకు జరిపాడు. ఆ పని చేసేందుకు వంగి, వంగినవాడు మళ్లీ నిటారుగా నిలబడలేదు. ఖాళీ కుర్చీ లాక్కుని కూచున్నాడు. చేపనీళ్ల మరక ఇంకా వదలని ప్యాంటుతోనే.

"లే! ఎవరు కూచోమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు సార్. ఐదేండ్లు చూసినాను. సంతకం అయినాక లేస్తా."

కొండలరావుగారు అతన్నీ, దరఖాస్తునూ, తలుపునూ మార్చి మార్చి చూశారు. తర్వాత పెన్ను తీశారు. "పో. చెరువుల్లో పడి చావు," అని సంతకం గీకారు. నిబ్బు కాగితం చించుకుని బ్లాటరు దాకా దిగింది.

మల్లికార్జున లేచి, సిరా ఆరేదాకా కాగితం ఊపుకుంటూ బయటికి వచ్చాడు. ఉప్పలయ్య స్టూలు మీద నుంచి లేచాడు. అది ఎవరికి లేచినట్టో అతనికే తెలియలేదు.

"ఉప్పలయ్యా, కాస్త జిగురుందా? సంతకం కాడ చినిగింది."

ఉప్పలయ్య సొరుగు లాగి జిగురు సీసా తీసి ఇచ్చాడు.